కువైట్ నుంచి వచ్చిన బేరం

కారు అమ్ముదామని మొదట అన్నది నేను కాదు, కారే. మా కాలేజీ ఇంటికి పది నిమిషాల నడక దూరంలోకి మారినప్పటి నుంచి దానికి పని లేకుండా పోయింది. ఆదివారం పొద్దున ఒకసారి స్టార్ట్ చేసి, బతికే ఉన్నావా అని పలకరించి, ఆపేసేవాణ్ని. కొన్నాళ్లకు ఆ పలకరింపుకు నాలుగోసారికి గానీ జవాబిచ్చేది కాదు. మనుషులైతే దీన్ని అలగడం అంటారు.

నేను గద్వాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. గిరాకీ, సరఫరా, ధర ఎక్కడ కుదురుతుంది, ఇవన్నీ ఇరవై ఏళ్లుగా బోర్డు మీద గీతలు గీసి నిరూపిస్తున్నాను. సొంతంగా ఒక్క వస్తువైనా లాభానికి అమ్మిన అనుభవం లేదు. అందువల్ల సిద్ధాంతం చెడిపోకుండా ఉంది.

ఫోన్‌లో పాత సామాన్లు అమ్మిపెట్టే యాప్ ఒకటుంటే అందులో కారు ఫొటోలు పెట్టి వివరాలు రాశాను. పదేళ్ల కారు. వెనక ఎడమ అద్దం దిగుతుంది, ఎక్కదు. ఏసీ బాగా పనిచేస్తుంది, ముఖ్యంగా చలికాలంలో. ముందు బంపరు పగిలింది, దానికి కారణమైన మేకకు ఏమీ కాలేదు.

మా ఆవిడ చదివి ఫోన్ పక్కన పెట్టింది. ఆమె సర్కారు దవాఖానలో నర్సు. ఊళ్లో వాళ్లందరినీ రోగులుగా చూస్తుంది, నన్ను మాత్రం పాత కేసుగా చూస్తుంది.

"పెండ్లి సంబంధానికి పంపే కాయితంల పిల్లగాని రోగాలన్ని రాస్తరా ఎవరన్న?" అంది.

"నిజం చెప్తే నమ్మకం పెరుగుతది."

"పెరుగుతది. బండి మాత్రం మన వాకిట్లనే ఉంటది."

వారం రోజులు వాకిట్లోనే ఉంది. ఎనిమిదో రోజు ఒక ఓడ కెప్టెన్ దొరికాడు.

నడిసముద్రంలో ఉన్నానని, ఫోన్ చేయడం కుదరదని, చాలా మర్యాదైన ఇంగ్లిషులో రాశాడు. కారు చూడక్కర్లేదన్నాడు. మేక గురించి అడగలేదు. నేను చెప్పిన ధరలో ఒక్క రూపాయి తగ్గించమనలేదు. నడిసముద్రంలో ఉన్న మనిషికి గద్వాల వాకిట్లోని కారు ఎందుకన్న సందేహం నాకు రాలేదు. పెద్దవాళ్లకు పెద్ద అవసరాలుంటాయి అనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, ఖాతాలో డబ్బు జమైందని. కారు ధర కంటే నలభై వేలు ఎక్కువ. ఆ నలభై వేలు కారును ఓడరేవుకు చేర్చే ఏజెంటుకట, నేను వెంటనే అతనికి పంపాలట. ఐదు నిమిషాలకే ఏజెంటు ఫోన్ చేశాడు. "లారీ కర్నూల్ దాటింది సార్. జల్ది పంపండి."

నేను పంపేవాణ్నే. కానీ ఫోన్‌లో రోజుకు ఐదు వేలకు మించి పోకుండా మా ఆవిడ అప్పటికే కట్టుదిట్టం చేయించింది. దానికి కారణం వేరే కథ, అది చెప్పను. బ్యాంకుకు వెళ్దామంటే తెల్లారి రెండో శనివారం, ఆ తర్వాత ఆదివారం. ఆ రెండు రోజుల్లో ఏజెంటు ఇరవైసార్లు ఫోన్ చేశాడు. లారీ రెండు రోజులూ కర్నూల్ దాటుతూనే ఉంది.

సోమవారం బ్యాంకు కౌంటర్లో కూర్చున్న అమ్మాయి నా దగ్గర చదువుకున్నదే. ఖాతా తెరిచి చూసి, నా ఫోన్ చూసి, నా ముఖం చూసింది.

"సార్, మెసేజ్ వచ్చింది. పైసలు రాలే."

"రెండూ ఒకటి కాదా?"

"మెసేజ్ ఎవరైనా పంపుతరు సార్. బ్యాంకు పంపినట్టే ఉంటది. పడ్డయా లేదా అనేది ఖాతానే చూడాలె." ఆ తర్వాత పక్క కౌంటర్‌కు వినపడకుండా గొంతు తగ్గించింది. "మీరే చెప్పిండ్రు కద సార్ క్లాసుల, బేరమాడకుండ కొనేటోడు మార్కెట్ల ఉండడని."

చెప్పాను. గుర్తుపెట్టుకునే బాధ్యత మాత్రం పిల్లలకు వదిలేశాను. ఆ అమ్మాయే దగ్గరుండి సైబర్ పోలీసులకు ఫిర్యాదు రాయించింది. నన్ను కాపాడింది నా చదువు కాదు, రెండో శనివారం అని ఇంటికెళ్లి ఒప్పుకున్నాను.

మా ఆవిడ క్యాలెండర్ కాగితం వెనక నాలుగు ముక్కలు రాసి ఫ్రిజ్‌కు అంటించింది. ఖాతా చూడందే తాళం ఇయ్యొద్దు. ఎక్కువ పంపి వాపస్ అడిగేటోనితో మాట్లాడొద్దు. ఓటీపీ ఎవ్వరికి చెప్పొద్దు, నాకు సుత. జిరాక్సు ఇస్తే ఎందుకిస్తున్నమో దానిమీద అడ్డంగ రాయాలె. అన్నిటి కింద చిన్న అక్షరాలతో ఇంకొకటి ఉంది: సముద్రంల ఉన్నోళ్లకు బండ్లు అమ్మొద్దు.

పది రోజులకు సముద్రం అవతలి నుంచి మళ్లీ బేరం వచ్చింది, ఈసారి ఫోన్‌లో.

"సలామ్ సార్. బండి ఉన్నదా, పోయిందా?"

"ఉంది. నీది ఏ ఓడ?"

"ఓడేంది సార్? నేను కువైట్ల హౌస్ డ్రైవర్ని. మాది వనపర్తి."

పదకొండేళ్లుగా అక్కడ ఒకే ఇంట్లో కారు నడుపుతున్నాడట. ఆ ఇంటి యజమానిని కఫీల్ అంటారు. ఆ కఫీల్ పిల్లల్ని బడికి తీసుకెళ్లడం, తీసుకురావడం అతని పని. "నా బిడ్డ ఆరో తరగతి సార్. ఒక్కనాడు ఇస్కూల్ కాడ దింపలే" అన్నాడు, ట్రాఫిక్ గురించి చెప్పినంత మామూలుగా. భార్య వనపర్తిలో టైలర్. బడుల యూనిఫారాలు కుడుతుంది. లింగాల, అమ్రాబాద్ దాకా ఆర్డర్లు వస్తున్నాయి కానీ చేరవేసే దిక్కు లేక వదులుకుంటోంది.

"ఆమె కుట్టుడు, నేను తిప్పుడు. బండి ఉంటే ఇద్దరం బతుకుతం సార్. నెలాఖరుకు కఫీల్‌కు చెప్పాలె, ఉంటనా పోతనా అని. ఉంటనంటే ఇంక రెండేండ్లు సంతకం. బండి ఖరారైతే పోతనంట. ఉత్త చేతులతోటి ఇంటికొస్తే ఆర్నెల్లకు మల్ల ఈడికే వస్త. మా చిన్నాయన కొడుకు గట్లనే వచ్చిండు."

నెలాఖరుకు ఇంకా వారం ఉంది. కథ బాగుంది. కెప్టెన్ ఇంగ్లిషు కూడా బాగుండేది. దెబ్బతిన్న మనిషిని కాబట్టి వల వేశాను.

"వనపర్తి ఏ జిల్లా?"

"పాలమూరు జిల్లా సార్."

దొరికాడు. పాలమూరంటే మహబూబ్‌నగర్. వనపర్తి సొంత జిల్లా అయి ఎన్నేళ్లయింది! గద్వాలకు ఒక కలెక్టరు, వనపర్తికి ఒక కలెక్టరు, నాగర్‌కర్నూలుకు ఒక కలెక్టరు. అసలు వనపర్తి వాడైతే ఆ మాత్రం తెలియదా? కాగితాలు పంపమన్నాను. పాస్‌పోర్టు, ఆధార్ ఫొటోలు వెంటనే పంపాడు. రెండింటి మీదా మహబూబ్‌నగర్ జిల్లా అనే ఉంది. ఈ ముఠా వాళ్లు పాత పుస్తకం చదివి పరీక్షకు వచ్చారని తేల్చుకుని, నంబరు బ్లాక్ చేశాను. సాయంత్రం మా ఆవిడకు గర్వంగా చెప్పాను.

"బేరమాడిండా?" అంది.

"ఆడకుండా ఉంటాడా? ముప్పై వేలు తగ్గించమన్నడు. మేకకేం కాకుంటే బంపర్ ఎట్ల పగిలిందన్నడు. అద్దానికి వేరే తగ్గించాల్నట."

"దొంగ గంతసేపు బేరమాడతడా?"

ఇది ఎకనామిక్స్ ప్రశ్న. క్లాసు బయట జవాబు చెప్పను.

ఐదు రోజులు గడిచాయి. ఆదివారం పొద్దున మా ఆవిడ కారు కాగితాలన్నీ సర్దుతూ లోపలి నుంచి పిలిచింది.

"ఓ సారూ, జర ఇటు రా. ఇక్కడ ఇంకొకడు దొరికిండు."

వెళ్లాను. చేతిలో ఒక కార్డు పట్టుకుని ఎగాదిగా చూస్తోంది.

"ఉండేది గద్వాలట. జిల్లా చూస్తే మహబూబ్‌నగర్ అని రాసుకున్నడు. ముఖం చూసినా అనుమానంగనే ఉన్నది. పోలీసోళ్లకు చెప్దామా?"

అది నా ఆధార్. కింద కారు ఆర్‌సీ ఉంది, దాని మీదా అదే జిల్లా. దాని కింద ఆమెది. జిల్లాలు విడిపోయినప్పుడు మా వీధిలో అందరం టపాకాయలు కాల్చాం, కార్డు మార్పించుకున్నవాడు ఒక్కడూ లేడు. హైదరాబాద్‌లో ఎవరైనా ఏ ఊరని అడిగితే ఇప్పటికీ నా నోటికి ముందొచ్చేది పాలమూరే. అంటే అతను చెప్పిన జవాబు, ఆ స్థానంలో నేనుంటే చెప్పేదే. మార్కులు వేయాల్సిన చోట నేను పేపరే చించేశాను.

నెలాఖరుకు రెండు రోజులుంది. నంబరు విడిపించి ఫోన్ చేశాను.

"భాయ్, బండి ఉంది."

"బ్లాక్ చేస్తిరి కద సార్. ఏం తప్పు చేసిన?"

"జిల్లా తప్పు చెప్పినవ్."

నవ్వు వినిపించింది, చాలా దూరం నుంచి. "సార్, మీ బండి నంబర్ ప్లేట్ చూసుకోండి ఒకసారి. అది ఏ జిల్లా నంబరు? ఆ నంబర్ చూసే కద ఫోన్ చేసిన, మన పాలమూరు బండి అని. మీరు ఎత్తకపోతే వేరే బండి చూసిన. దాని ఇంజన్‌కు దమ్ము రోగం ఉన్నది సార్. ఇంక ఆశ ఇడిసిపెట్టిన."

వాకిట్లోకి వెళ్లి ప్లేటు చూశాను. పదేళ్లుగా అది మా ఇంటి ముందు నిలబడి అదే మాట చెబుతోంది.

మర్నాడు అతని భార్య వనపర్తి నుంచి బస్సులో వచ్చింది. సన్నటి మనిషి, మెడలో కొలత టేపు. వచ్చీ రాగానే మా ఆవిడను "అక్కా, ఈ జాకెట్ ఎవరు కుట్టిండ్రు?" అని అడిగింది. సమాధానం విని జాలిగా చూసింది. ఆ ఒక్క చూపుతో వాళ్లిద్దరికీ స్నేహం కుదిరింది, నేను బయటివాణ్నయ్యాను.

కువైట్ నుంచి వీడియో కాల్‌లో ఆయన. ఇక్కడ టేపుతో ఈమె. ఆయన నన్ను బానెట్ ఎత్తించి ఫోన్ ఇంజన్ దగ్గర పెట్టమన్నాడు.

"జర రేస్ చేయండి సార్. ఊఁ. ఇంక జర. చాలు. టాపెట్ల సప్పుడొస్తుంది, ఎన్నాళ్లయె సెట్ చేపిచ్చి?"

అది ఇంజన్ సహజ స్వరమని నేను నాలుగేళ్లుగా అనుకుంటున్నాను. ఆ మాట బయటికి చెప్పలేదు. ఐదు వేలు తగ్గింది.

ఆమె ఇంజన్ వైపు చూడనైనా చూడలేదు. డిక్కీ తెరిచి పొడవు, వెడల్పు, లోతు కొలిచి చిన్న పుస్తకంలో రాసుకుంది. "ఆయనకు ఇంజన్ గావాలె. నాకు నూటిరవై జతల యూనిఫారాలు పట్టాలె" అంది. కాసేపు లెక్క వేసి, "స్టెప్నీ అడ్డమొస్తుంది సార్, ఇంక మూడు వేలు తగ్గియ్యండి" అంది. స్టెప్నీ ఉన్నందుకు ధర తగ్గించమన్న మొదటి మనిషిని చూసి నాకు ముచ్చటేసింది. తగ్గించాను.

తాళం ఎవరికీ ఇవ్వొద్దని ఫ్రిజ్ చెప్పింది కాబట్టి నేనే నడుపుతూ అందరినీ ఇటిక్యాల రోడ్డు మీదికి తీసుకెళ్లాను. ఫోన్‌ను డాష్‌బోర్డు మీద నిలబెట్టారు. కొంత దూరం ఆయన బ్రేకు కొట్టమంటూ, గేరు మార్చమంటూ ఉన్నాడు. తర్వాత మాట ఆగిపోయింది. సిగ్నల్ పోయిందనుకున్నాను.

"సార్, కెమెరా జర బయటికి తిప్పుతరా?"

భార్య ఫోన్ తీసి కిటికీకి పెట్టింది. రెండు వైపులా పత్తి. ఆడకూలీలు వరుసల్లో ఒంగి ఉన్నారు. ఒక కిలోమీటరు అలా పోయింది.

"క్లచ్ జారుతుంది సార్" అన్నాడు చివరికి.

ధర కుదిరింది. చిక్కు ఒకటే మిగిలింది. ఆయన డబ్బు కువైట్ నుంచి భార్య ఖాతాలో పడి, అక్కడి నుంచి నా ఖాతాకు రావాలి. సంతకాలకు మనిషి ఇక్కడ ఉండాలి కాబట్టి కారు ఆమె పేరు మీదికే మార్చడం. ఆ డబ్బు రావడానికి ఐదారు రోజులు పడుతుందట. కఫీల్‌కు జవాబు చెప్పాల్సింది మాత్రం తెల్లారే.

ఆమె టేపును వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది. దారి చూపించింది ఆయనే.

"సార్, ఒక్క మాట. పైసలు పడకముందు తాళం ఇయ్యకండి. మా ఆడామె ఏడ్చినా ఇయ్యకండి."

"నేనెందుకేడుస్త?" అందామె.

"ఏడ్వదు సార్, గుంజుకుంటది. అయినా ఇయ్యకండి. నాకు తాళం వద్దు. బయానా తీసుకోండి చాలు."

బయానా అంటే మా దగ్గర ముందుగా చేతిలో పెట్టే చిన్న మొత్తం. అది అందుకున్నాక ఎవరెంత ఎక్కువిస్తామన్నా మాట మారదు. మారితే పోలీసులు రారు. ఊరే వస్తుంది. ఆమె ఐదు వందల ఒక్క రూపాయి తీసి మా ఆవిడ చేతిలో పెట్టింది. నా చేతిలో ఎందుకు పెట్టలేదో అడగలేదు. ఒక నోటుబుక్కు కాగితం చించి, ఈ కారు వీరికి ఖరారైందని, డబ్బు నా ఖాతాలో పడిన తర్వాతే తాళమని, పది రోజుల దాకా ఇంకెవరికీ అమ్మనని రాసి, సంతకం పెట్టి, ఫొటో పంపాను.

"ఇప్పుడే పోయి కఫీల్‌కు చెప్త" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

అప్పుడు తెలిసింది నేనేం రాశానో. ఒక మనిషి పదకొండేళ్ల కొలువును నా చేతిరాత మీద వదులుకుంటున్నాడు. అదీ తనను ఐదు రోజులు బ్లాక్ చేసినవాడి చేతిరాత మీద. నా రాత మీద ఇంత నమ్మకం పెట్టుకున్నవాళ్లు లేరు. మా పిల్లలైతే నేను వేసిన మార్కులు కూడా రెండోసారి కూడి చూసుకుంటారు.

మూడో రోజు స్టాఫ్ రూంలో కెమిస్ట్రీ ఆయన ఇరవై వేలు ఎక్కువిస్తానన్నాడు.

"బయానా తీసుకున్న."

"అయ్యో" అని పేపర్ తీసుకుని చదువుకున్నాడు. మూడో మాట లేదు.

కువైట్ నుంచి రోజుకొక ఫోన్. "పడ్డయా సార్?" "పడలే." "పడుతయి సార్." నాకు ధైర్యం చెబుతున్నాడో తనకు చెప్పుకుంటున్నాడో తెలియదు. కఫీల్ అప్పుడే కొత్త డ్రైవర్‌ను వెతుకుతున్నాడట. నాలుగో రోజు నుంచి నేను కారును రోజూ స్టార్ట్ చేయడం మొదలుపెట్టాను. ఎందుకో చెప్పలేను. చెడిపోతుందేమోనని భయం. పదేళ్లలో దాని ఆరోగ్యం గురించి అంత పరేషాన్ ఎప్పుడూ కాలేదు.

ఆరో రోజు ఆమె ఖాతాలో డబ్బు పడింది. గద్వాల బ్యాంకులో ఆమె, నేను, మా ఆవిడ అదే కౌంటర్ ముందు నిలబడ్డాం. నా పాత విద్యార్థిని కాగితాలు తీసుకుని ఏదేదో నొక్కింది. నేను ఫోన్ చూస్తూ ఉన్నాను. ఏ మెసేజూ రాలేదు.

"సార్, ఫోన్ జేబుల పెట్టుకోండి" అంది ఆ అమ్మాయి. "మెసేజ్ రాలే. పైసలొచ్చినయి."

పేరు మార్పు ఫారాల మీద సంతకాలు చేశాం. జిరాక్సుల మీద మా ఆవిడ అడ్డంగా రాసింది. తాళం వనపర్తి ఆమె చేతికిచ్చాక అసలు ప్రశ్న వచ్చింది.

"నీకు నడపరాదు కదమ్మా. ఎట్ల తీస్కపోతవ్?"

"నేర్చుకుంట సార్. ఇయ్యాలకు మీరే దింపాలె" అని తాళం మళ్లీ నాకిచ్చింది.

అలా అమ్మేసిన కారుకు నేను డ్రైవర్నయ్యాను. బీచుపల్లి వంతెన మీద కృష్ణ నిండుగా ఉంది. వెనక సీట్లో కొత్త యజమానురాలు కూర్చుని, జర మెల్లగ పొమ్మంది. వనపర్తిలో వాళ్ల ఇంటి ముందు ఆపి, ఇచ్చిన తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాసిన కాగితం మీద ఆమె సంతకం తీసుకున్నాను. ఆ నిమిషం తర్వాత ఆ కారు ఏ మేకను గుద్దినా నాకు సంబంధం లేదు. బస్సులో ఇంటికొచ్చాను. కిటికీ అద్దం ఎక్కలేదు. సొంత బండిలా అనిపించింది.

మూడు నెలల తర్వాత ఒక శనివారం. నాకు మధ్యాహ్నం క్లాసులు లేవు. వాకిట్లో తెలిసిన హారన్. బయటికొస్తే ఆ కారే. స్టీరింగ్ ముందు ఆమె, మెడలో టేపు అలాగే ఉంది. ఎడమ సీట్లో వీడియో కాల్‌లో చూసిన బక్కపలచటి మనిషి, అక్కడ లేని బ్రేకును కుడికాలితో గట్టిగా తొక్కిపట్టి ఉన్నాడు. ఇటిక్యాల బడిలో యూనిఫారాలు దింపి వస్తున్నారట.

"పదకొండేండ్లు మందిని తిప్పిన సార్" అన్నాడు దిగుతూ. "ఇప్పుడు నన్నొకరు తిప్పుతుండ్రు. బ్రేకే జర లేట్ కొడుతది."

"నువ్వే నేర్పకపోయినవ్ కువైట్ల కూసోని" అందామె.

ఆయన వెనక తలుపు దగ్గరికి వెళ్లి నన్ను పిలిచి మీట నొక్కాడు. ఎడమ అద్దం దిగింది. మళ్లీ నొక్కాడు. ఎక్కింది. నేను నాలుగేళ్లు రెండు అరచేతులతో పైకి లాగిన అద్దం. ఇంకోసారి దింపి, ఎక్కించి చూపించాడు.

చాయ్ తాగుతుంటే మా పక్కింటాయన వచ్చాడు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లను ఇక్కడ అందరూ అడిగే ప్రశ్నే ఆయనా అడిగాడు. "మల్ల ఎప్పుడు పోతున్నవ్ భాయ్?"

ఆయన గడియారం చూసుకున్నాడు. "ఇప్పుడే పోవాలె" అని సగం చాయ్ వదిలి లేచాడు. "నాలుగింటికి బిడ్డ ఇస్కూల్ వదుల్తరు."

ఈసారి స్టీరింగ్ ముందు ఆయనే కూర్చున్నాడు.